జొరం పల్లెది, పాఠం పట్నానిది

పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ జిల్లాల్లో జబ్బు ముదిరిన మనిషి గురించి ఇప్పటికీ వినబడే మాట ఒకటుంది: "పట్నం రాసిండ్రు." ఎవరు రాశారు, ఏం రాశారు అని ఎవరూ అడగరు. జిల్లా ఆస్పత్రి డాక్టరు చీటీ మీద గాంధీ అనో, ఉస్మానియా అనో, అంటుజొరమైతే కోరంటి అనో రాసిచ్చాడని అందరికీ అర్థమైపోతుంది. కోరంటి అంటే ఇక్కడ పువ్వు కాదు. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆస్పత్రికి జనం పెట్టుకున్న పేరు. క్వారంటైన్ అనే మాట ఉర్దూ నోటా తెలుగు నోటా నలిగి కోరంటి అయింది. మాట ఎంత మెత్తబడినా అర్థం మాత్రం మెత్తబడలేదు: ఊరి నుంచి వేరుచేసి ఉంచే చోటు. మన డాక్టర్లు అంటురోగాల పాఠం నూరేళ్లుగా నేర్చుకుంటున్నది ఆ వేరుచేసిన చోటే. రోగిని అక్కడికి పంపే అలవాటు, చదువునూ అక్కడికే పంపింది. అందుకే ఈ రెండు జిల్లాల జ్వరాలు మన వైద్యవిద్యకు కొసన మాత్రమే కనబడ్డాయి. మొదలు ఎవరి పాఠంలోనూ లేదు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే. మెడిసిన్ పీజీలకు ఇన్ఫెక్షన్ల కన్సల్ట్ పోస్టింగు ఉండాలన్న మాట ఇప్పుడిప్పుడే గట్టిగా వినబడుతోంది. పీజీ డాక్టరు ఒక నెలో రెండు నెలలో తన వార్డు వదిలి, సర్జరీ పిలిస్తే సర్జరీకి, గైనిక్ పిలిస్తే గైనిక్‌కు, ఐసీయూ పిలిస్తే ఐసీయూకు వెళ్లి, జ్వరం ఎందుకు తగ్గడం లేదో చూసి, ఏ మందు ఇవ్వాలో ఏది ఆపాలో కేస్ షీటులో రాసి రావడమే ఆ పోస్టింగు. దీన్ని అమెరికా నుంచి దిగిన కొత్త ముచ్చటగా చూసేవాళ్లున్నారు. కోరంటి చరిత్ర తెలిస్తే, అది మనం చాలాకాలంగా వాయిదా వేస్తూ వచ్చిన పని అని తేలుతుంది.

వేరుచేయడం తప్పేమీ కాదు, దానికి వయసు మాత్రం చాలా ఉంది. ఏడ్రియాటిక్ తీరంలోని రగూసా రేవు 1377లోనే ప్లేగు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను 30 రోజులు బయట నిలబెట్టింది. తర్వాత ఆ గడువు 40 రోజులైంది, ఇటలీ భాషలో నలభైకి ఉన్న మాటే పేరుగా నిలిచింది. మన పల్లెలకు ఈ సంగతి రేవులు చెప్పనక్కర్లేదు. గత్తర (కలరా) వచ్చినా ప్లేగు వచ్చినా దక్కన్ పల్లెల్లో జనం ఊరు ఖాళీ చేసి చేన్లలో గుడిసెలు వేసుకునేవాళ్లు. పొలిమేరలో పోచమ్మకో ముత్యాలమ్మకో మొక్కుకుని, జబ్బు ఊరు దాటిపోయాక తిరిగొచ్చేవాళ్లు. 1896లో బొంబాయిలో దిగిన ప్లేగు ఆ తర్వాతి ఏళ్లలో దక్కన్ అంతా తిరిగింది, 1911లో హైదరాబాద్ నగరాన్ని కుదిపేసింది. ఆ భయంలోంచే 1915లో ఒక గుట్ట దగ్గర క్వారంటైన్ ఆస్పత్రి మొదలై, 1923లో నల్లకుంటకు మారింది. పెన్సిలిన్ లేదు, గత్తరకు నోటితో తాగించే ఉప్పు-చక్కెర నీళ్ల వైద్యం ఇంకా తెలియదు. మందు లేని కాలంలో దూరమే మందు. ఆ రోజుల్లో కోరంటి కట్టినవాళ్లను తప్పుపట్టే పని లేదు. కానీ ఆ తర్కంతోనే నిజాం రాజ్యంలో ఒక్కో అంటురోగానికి ఒక్కో ఊరు ఖాయమైంది. కుష్టుకు నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లి, క్షయకు అనంతగిరి కొండా ఎర్రగడ్డా, మిగిలిన జ్వరాలన్నిటికీ కోరంటి. ఈ పటంలో పాలమూరు, నల్లగొండ ఎక్కడున్నాయని వెతికితే, రోగులు బయల్దేరే ఊళ్ల జాబితాలో మాత్రమే దొరుకుతాయి.

కోరంటికి ఇప్పుడున్న అధికారిక నామం సర్ రొనాల్డ్ రాస్ పేరు మీద ఉంది. రాస్ అందులో ఒక్కరోజు కూడా పనిచేయలేదు. ఆస్పత్రి పుట్టేనాటికి ఆయన భారతదేశం వదిలి పదహారేళ్లు దాటింది. అయినా ఆ పేరు తగినదే, అయితే చాలామంది అనుకునే కారణానికి కాదు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్ బేగంపేటలో ఆయన చేసింది కోరంటి పనికి సరిగ్గా ఎదురు పని. రోగిని వేరుచేయలేదు, రోగికీ రోగం మూలానికీ మధ్య దూరం చెరిపేశాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి, లార్వా నుంచి తానే పెంచిన దోమలతో కుట్టించి, కుట్టినందుకు దోమకో అణా లెక్కన ఇచ్చాడు. తర్వాత ఆ దోమల్ని ఒక్కొక్కటే కోసి చూశాడు. పంకా ఊపిస్తే కోసిన దోమ ఎగిరిపోతుందని ఉక్కపోతలోనే కూర్చున్నాడు; నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, ఉన్న ఒక్క కంటిగాజూ పగిలింది. ఆగస్టు 20న మచ్చరెక్కల దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి కణాలు కనబడ్డాయి. అది జరిగిన కొద్ది వారాలకే ఆయన్ని వేరే చోటికి బదిలీ చేశారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. మనకు మిగిలింది ఒక భవనం, ఒక పేరు. రోగి ఉన్న చోటే రోగం పుట్టుకను వెతకాలన్న ఆయన పద్ధతి మన వైద్యవిద్యలోకి రాలేదు. వచ్చినంతవరకు అది పరీక్షకు బట్టీపట్టే తేదీగానే వచ్చింది.

చదువు ఎక్కడ జరిగిందో లెక్క చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలమైన హైదరాబాద్ మెడికల్ స్కూలు 1846లో పుట్టింది. గాంధీ కాలేజీ 1954లో, వరంగల్ కాకతీయ 1959లో వచ్చాయి. దక్షిణ తెలంగాణ మెట్టసీమకు ఒక మెడికల్ కాలేజీ రావడానికి ఆ తర్వాత మరో నలభై ఏళ్లు పట్టింది. 1999లో మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్, నార్కట్‌పల్లిలో కామినేని, రెండూ ప్రైవేటువే. సర్కారు కాలేజీ మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు 2019లో వచ్చింది. అంటే నూటయాభై ఏళ్ల పైచిలుకు కాలం, ఈ రెండు జిల్లాల జ్వరాలు చదువుగా మారాలంటే ముందు బస్సెక్కి నూరు కిలోమీటర్లు పోవాలి. దారిలో చనిపోయినవాళ్లూ, పోలేక ఇంట్లోనే మూలిగి తేరుకున్నవాళ్లూ, ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు బాటిలు ఎక్కించుకుని కుదుటపడ్డవాళ్లూ విద్యార్థి కంటబడలేదు. పట్నం వార్డులో అతను చూసింది ఐదారుగురు చేతులు మారి, మూడు నాలుగు రకాల సూదులు పడి, రూపం మారిపోయిన జబ్బు. దాన్నే అసలు రూపమనుకుని నేర్చుకున్నాడు.

రేబిస్ ఇందుకు తిరుగులేని సాక్ష్యం. కుక్క కరిచి, జబ్బు బయటపడి, నీళ్ల గ్లాసు చూస్తేనే గొంతు పట్టేసే మనిషిని చుట్టుపక్కల జిల్లాలన్నిటి నుంచీ నల్లకుంటకే తెస్తారు. ఆ దృశ్యం చూసిన పీజీ జన్మలో మరచిపోడు. హైడ్రోఫోబియా, ఏరోఫోబియా లక్షణాలు అతనికి పుస్తకం అక్కర్లేకుండానే వచ్చేస్తాయి. కానీ అప్పటికి ఆ మనిషికి చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. చేయాల్సింది కరిచిన గంటలో, పల్లెలో, కుళాయి కింద జరగాలి: గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో కడగడం, గాయం లోతైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, తర్వాత తేదీల ప్రకారం టీకా. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలంలో జనం హైదరాబాద్ నారాయణగూడలో టీకా వేసే ఐపీఎం సంస్థకు తిరిగేవాళ్లు. ఆ పాత టీకా తయారీని 2004 చివరికల్లా దేశంలో ఆపేశారు, కొత్త టీకా చేతికి వేసే సూది. మందు పల్లె దాకా వచ్చింది గాని పాఠం రాలేదు. గాయం మీద కారం, పసరు పూసుకుని వచ్చినవాడికి ముందు కుళాయి చూపించాలని, గాయానికి తొందరపడి కుట్లు వేయకూడదని తెలిసిన హౌస్ సర్జన్, హైడ్రోఫోబియాను గుర్తుపట్టే పీజీ కంటే ఎక్కువ ప్రాణాలు నిలబెడతాడు. మొదటిది జిల్లాలో నేర్చుకునే విద్య. రెండోది కోరంటిలో.

కాదు, ఇది మరీ ఏకపక్షం, అంటురోగాలను తరిమింది ప్రభుత్వ పథకాలేగాని డాక్టర్ల పోస్టింగులు కావు అని ఎవరైనా అనవచ్చు. నారికురుపు కథ చూస్తే ఆ మాటలో నిజముంది, నా వాదనకు బలమూ ఉంది. మెట్టసీమలో ఎండాకాలం తాగునీరంటే దిగుడుబావి. మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి బిందె ముంచుకోవాలి. కాలి మీద బొబ్బ లేచి, మంట పుట్టి, ఆ కాలు నీళ్లలో పెట్టగానే బొబ్బ పగిలి లోపలి పురుగు వేల పిల్లల్ని నీళ్లలోకి వదిలేది. వాటిని కంటికి సరిగా ఆనని సైక్లాప్స్ అనే నీటిపురుగు మింగేది. ఆ నీళ్లు తాగినవాడి ఒంట్లో ఏడాది తిరిగేసరికి మూరెడు దాటిన పురుగు తయారు. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగేవాళ్లు. తెగితే కాలు చీము పట్టి మనిషి నెలల తరబడి మంచమే. దీనికి మందు లేదు, టీకా లేదు, నేటికీ లేదు. 1983-84లో మొదలైన జాతీయ నిర్మూలన కార్యక్రమం దిగుడుబావులను మెట్లు లేని బావులుగా మార్చడం, బోర్లు వేయడం, నీళ్లు గుడ్డతో వడకట్టించడం, సైక్లాప్స్‌ను చంపే మందు చల్లడం, ఈ నాలుగింటితోనే పని ముగించింది. జబ్బున్న ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశంలో చివరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లో నమోదైంది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఈ గెలుపులో ఏ వార్డుకూ పాత్ర లేదు, నిజమే. కానీ రోగి కాలు చూసి వెంటనే బావి ఏదని అడిగిన బుద్ధి ఉంది చూశారా, అది అంటురోగ నిపుణుడి బుద్ధి. దాన్ని చూపించింది శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, హెల్త్ వర్కర్లు, ఇంజినీర్లు. పీజీ డాక్టరు ఆ పురుగును సీసాలో, ఫార్మలిన్‌లో చూశాడు. అతని చదువుకు ఆ బావి దూరమైనందువల్లే కన్సల్ట్ అడిగినప్పుడు నీళ్లెక్కడివి, పనెక్కడ, వలస ఎక్కడికి అనే ప్రశ్నలు ఇవాళ్టికీ కేస్ షీటులో అరుదు. పాలమూరు కూలీ దేశంలోని ఆనకట్టలన్నిటి దగ్గరా మట్టి మోశాడు. ఎక్కడి దోమ కుట్టిందో అడగకుండా అతని చలిజొరానికి మందు రాయడం సగం వైద్యం.

నల్లగొండ సంగతి మరో రకం. ఈ జిల్లా పేరు ప్రపంచ వైద్య సాహిత్యంలో ఉంది, కానీ అంటురోగానికి కాదు, ఫ్లోరైడు నీళ్లకు. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ వ్యాసం వచ్చింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడు ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయే జబ్బు గురించి లాన్సెట్‌లో రాశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీళ్లు శుద్ధి చేసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ నల్లగొండ టెక్నిక్ అని పేరుపెడితే, అది ఆఫ్రికా దాకా పోయింది. అంటురోగాల వ్యాసంలో ఫ్లోరైడు ఎందుకంటే, కారణాలు రెండు. ఒకటి, జిల్లా అంటే నమూనాలు తెచ్చుకునే చోటు అన్న అలవాటు ఇక్కడా కనబడుతుంది: ఎముక ఫోటోలూ నీళ్ల సీసాలూ బయటికి పోయాయి, పాఠం చెప్పే గది మాత్రం నల్లగొండలో 2019 దాకా సర్కారు ఖర్చుతో రాలేదు. రెండోది వైద్యానికి సంబంధించింది. 2005 చివర్న ఆంధ్రప్రదేశ్‌లో చికున్‌గున్యా దాదాపు 32 ఏళ్ల తర్వాత దేశంలో మళ్లీ తలెత్తి, 2006లో ఊళ్లకు ఊళ్లను కుంటించింది. కీళ్లు పట్టేయడం పుట్టుకతో అలవాటైన ఫ్లోరైడు ఊళ్లో కీళ్లజ్వరాన్ని విడదీసి చూడాలంటే ఆ ఊరి మామూలు నడక ఎలా ఉంటుందో తెలిసుండాలి. మెడ తిప్పలేని ముసలాయన జ్వరంతో వస్తే అది మెనింజైటిస్సా, నలభై ఏళ్ల నీళ్ల ఫలమా? పుస్తకంలో రెండూ వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. మంచం మీద మాత్రం ఒకే మెడలో ఉంటాయి.

అంటురోగాల శాఖకు కాలం చెల్లిందన్న వాదం కూడా కొత్తది కాదు. అమెరికాలో ఆ శాఖకే పెద్ద తలకాయ అయిన రాబర్ట్ పీటర్స్‌డార్ఫ్ 1978లో, శిక్షణ ముగించుకుని వస్తున్న 309 మంది కొత్త నిపుణులు ఒకరినొకరు కల్చర్ చేసుకోవడం తప్ప ఏం చేస్తారో అర్థం కావడం లేదని ఎకసెక్కమాడాడు. మూడేళ్లకు, 1981లో ఎయిడ్స్ బయటపడింది. మన దేశంలో ఆ ధీమా అప్పటికే ఒకసారి చెడింది: స్వాతంత్ర్యం నాటికి ఏటా 7.5 కోట్ల మలేరియా కేసులు, 8 లక్షల చావులు అని అంచనా ఉండగా, డీడీటీ పుణ్యాన 1961కి కేసులు అరలక్షకు దిగాయి. పని అయిపోయిందనుకున్నాం. 1976లో 64 లక్షలు దాటాయి. జబ్బు తగ్గిన ఏళ్లలో తగ్గింది జబ్బొక్కటే కాదు, దాన్ని గుర్తుపట్టే కళ్లు కూడా. జబ్బు తిరిగొచ్చినప్పుడు దోమలు ముందొచ్చాయి, కళ్లు తర్వాత వచ్చాయి. చెన్నైలో 1986లో దేశపు తొలి హెచ్‌ఐవీ కేసులు దొరికాక, 2004 నుంచి ఉచిత మందులు మొదలయ్యాక, జిల్లా ఆస్పత్రుల్లో ఏఆర్‌టీ కేంద్రాలు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హెచ్‌ఐవీ భారం ఎక్కువగా మోసిన రాష్ట్రాల్లో ఒకటి. ఒక అంటురోగానికి నిపుణుడు జిల్లాలోనే కూర్చుని, ఏళ్ల తరబడి అదే రోగిని చూస్తూ, వార్డులవాళ్లు అడిగితే సలహా చెప్పడం అక్కడే అలవాటయింది. కన్సల్ట్ అన్న పేరు లేకుండా కన్సల్ట్ మొదలైంది.

పాశ్చాత్య దేశాల్లో ఏం జరిగిందంటే, యాంటిబయోటిక్స్ వచ్చాక ఫీవర్ ఆస్పత్రులు ఒక్కొక్కటే మూతపడి మామూలు ఆస్పత్రుల్లో కలిసిపోయాయి. తనకంటూ భవనం పోయిన అంటురోగ నిపుణుడు చేతిలో చీటీ పట్టుకుని అందరి వార్డులూ తిరగడం నేర్చుకున్నాడు. భవనం పోవడమే ఆ విద్యకు మేలు చేసింది. మనకు భవనం మిగిలింది, కాబట్టి తిరుగుడు మొదలుకాలేదు. చాలా కాలేజీల్లో మెడిసిన్ పీజీకి గుండె, మెదడు, కిడ్నీ విభాగాల్లో పోస్టింగులుంటాయి. ఇన్ఫెక్షన్లకు విభాగమే ఉండదు, ఎందుకంటే అవి నల్లకుంటలో ఉన్నాయి కదా!

ఆ తిరుగుడులో జరిగేదేమిటో ఒక్క మంచం దగ్గర ఆగి చూద్దాం. వారం రోజుల జ్వరం, నలభై ఏళ్ల రైతుకూలీ, పత్తి చేనుకో మేకల వెంటో పోయే మనిషి అనుకుందాం. ఊళ్లో వైడాల్ రక్తపరీక్ష చేయించారు, పాజిటివ్ అన్నారు, టైఫాయిడ్ అని సెఫ్ట్రియాక్సోన్ మూడు రోజులు పడింది. ప్లేట్‌లెట్లు తగ్గాయి, డెంగీ అన్నారు. కామెర్లు కొద్దిగా, దగ్గు కొద్దిగా. అదనంగా రెండు పెద్ద యాంటిబయోటిక్స్ చేరాయి. కన్సల్ట్‌కు వచ్చిన పీజీ ముందుగా చేయాల్సింది కేస్ షీటు మూసి, తెర లాగి, చొక్కా పంచె తీయించి, చంకలు, గజ్జలు, నడుం మడత వెతకడం. బీడీతో చురకపెట్టినట్టు నల్లటి చిన్న పక్కు, చుట్టూ ఎర్రటి గీత, మంట ఉండదు, రోగికే తెలియదు. అది స్క్రబ్ టైఫస్. పొదల్లో ఉండే చిన్న పురుగు కాటు. పక్కు ప్రతివాడికీ ఉండదు, కానీ వెతకనివాడికి ఎప్పుడూ దొరకదు. డాక్సిసైక్లిన్ అనే చవక గోళీ పడితే చాలామందిలో రెండు మూడు రోజుల్లో జ్వరం దిగిపోతుంది. ఆ ఖరీదైన సూదులు దాన్ని తాకనైనా తాకవు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి, అప్పుడు "పట్నం రాసిండ్రు." మందు చేర్చడం ఎవరైనా నేర్పుతారు. ఆపడం నేర్పేది ఈ పోస్టింగే. 2014 మార్చి నుంచి పెద్ద యాంటిబయోటిక్స్ కొన్నిటిని హెచ్1 షెడ్యూలులో పెట్టి, చీటీ లేనిదే అమ్మకూడదని, అమ్మితే రిజిస్టరులో రాయాలని కేంద్రం నిబంధన తెచ్చింది. మంచిదే. అయితే చీటీ రాసే చెయ్యే తొందరపడితే రిజిస్టరు చేయగలిగింది లెక్క రాసుకోవడమే.

ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయడం న్యాయం కాదు. కోరంటిలో కంఠసర్పి (డిఫ్తీరియా), ధనుర్వాతం, రేబిస్, గవదలు, తట్టు ఒకే ఆవరణలో దొరుకుతాయి. కంఠసర్పి అనగానే పాత పుస్తకం జబ్బు అనుకునేవాళ్లున్నారు. హైదరాబాద్ దాన్ని ఎన్నడూ పూర్తిగా వదిలించుకోలేదు. గొంతులో బూడిదరంగు పొర, ఉబ్బిన మెడ ఒకసారి చూసినవాడు రిపోర్టు కోసం ఆగకుండా యాంటీటాక్సిన్ ఇస్తాడు. జిల్లా ఆస్పత్రిలో ఏడాదికి ఒకటో రెండో కేసులు చూసేవాడికి ఆ చూపు రాదు. ఒప్పుకోవాల్సిందే. అందుకే కోరంటిని మూసేయమనో, అక్కడి పోస్టింగు ఎత్తేయమనో ఎవరూ అనకూడదు, నేనూ అనను. అరుదైన జబ్బులకు ఒక చోటు కావాలి. అయితే జిల్లా వార్డు నిండా ఉండేవి అరుదైనవి కావు: టీబీ, డెంగీ, ఆపరేషన్ గాయంలో చీము, షుగర్ కాలు పుండు, కాన్పు తర్వాత జ్వరం, ఐసీయూ గొట్టాల నుంచి వచ్చే ఇన్ఫెక్షన్లు. వీటిలో సగం నల్లకుంట గేటు ఎన్నడూ దాటవు, ఎందుకంటే సిజేరియన్ గాయం చీముపడితే ఎవరూ కోరంటికి రాయరు. కోరంటి నేర్పేది అంటుజ్వరాలు. వార్డు నేర్పేది ఇన్ఫెక్షన్లు. తెలుగులో ఈ రెంటికీ ఒకే మాట వాడుతున్నందువల్ల ఒకటి వస్తే రెండోదీ వచ్చినట్టే అనుకుంటున్నాం.

నిపుణులే లేరు, లేబొరేటరీలు లేవు, ఎవరు నేర్పుతారు అన్నది ఇంకో అభ్యంతరం. ఇన్ఫెక్షన్లలో డీఎం చేసినవాళ్లు దేశం మొత్తం మీదే తక్కువ, వాళ్లలో జిల్లాకు వచ్చేవాళ్లు ఇంకా తక్కువ. కానీ ఈ పోస్టింగుకు మొదటి గురువు డీఎం పట్టా ఉన్నవాడే కానక్కర్లేదు. మైక్రోబయాలజీ ప్రొఫెసరును ల్యాబు నుంచి లేపి వారానికి మూడు రోజులు వార్డు రౌండ్స్‌కు నడిపిస్తే సగం పని అవుతుంది. కల్చర్ రిపోర్టు ఇచ్చినవాడే రోగి పక్కన నిలబడి దాన్ని చదివితే పీజీకి వచ్చే జ్ఞానం ఏ కాగితంలోనూ రాదు. ల్యాబుల మాటకొస్తే, పదిహేనేళ్ల కిందటి జిల్లా కాదిది. కఫం నుంచి టీబీ క్రిమిని, దాని మందు నిరోధకతను గంటల్లో చెప్పే యంత్రాలు జిల్లాలకు వచ్చాయి. కోవిడ్ పుణ్యమా అని ఆర్‌టీపీసీఆర్ వచ్చింది. 2021లో తెలంగాణ డయాగ్నొస్టిక్ హబ్‌లు పలు జిల్లా కేంద్రాల్లో తెరుచుకున్నాయి. రెండు కల్చర్ సీసాలు యాంటిబయోటిక్‌కు ముందే తీయాలన్న క్రమశిక్షణ ఒక్కటే యంత్రంతో రానిది. అదే పోస్టింగు.

చట్టం కూడా తలుపు సగం తెరిచే ఉంచింది. 2020 సెప్టెంబరులో వైద్య మండలి నిబంధనలు సవరించి, ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి పీజీ 3 నెలలు జిల్లా ఆస్పత్రిలో పనిచేయాలని డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ పెట్టింది. 2021 బ్యాచ్ నుంచి వర్తింపు. మొదట 100 పడకల ఆస్పత్రి అన్నారు, 2023 నిబంధనల్లో 50 చాలన్నారు. ఉద్దేశం చక్కనిది, కానీ జిల్లాకు వెళ్లిన పీజీ డ్యూటీ డాక్టర్ల కొరత తీర్చే మనిషిగా ఓపీలో కూర్చుంటే ఆ 3 నెలలూ బండచాకిరీగానే పోతాయి. కోరంటి తరం చేసిన తప్పు దూరం నుంచి చూడటం. ఇప్పుడు దగ్గరికి పంపి చూడనివ్వకపోతే తప్పు మారుతుంది గాని పోదు. ఉస్మానియా, గాంధీల మెడిసిన్ విభాగాల గోడ మీద అంటించే పోస్టింగుల పట్టికలో నల్లకుంట పక్కన మహబూబ్‌నగర్, నల్లగొండ అని రెండు పేర్లు చేర్చండి. ఒక్కొక్క చోట ఆరు వారాలు, పని ఇన్ఫెక్షన్ల కన్సల్ట్ అని దాని కింద రాయండి. ఆ పట్టిక తయారుచేసేది ఆయా విభాగాధిపతులే, దానికి కొత్త జీవో ఏదీ అక్కర్లేదు.